చెడిపోయింది అనొద్దు, ఎక్కడ చెడిందో చెప్పు

మా మేనత్త పోయిందని చిన్నాన్న ఫోన్ చేసేటప్పటికి నేను గుంటూరులో, మా మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఉన్నాను. లోపలికొస్తున్న టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఏ గదిలోకి పోవాలో కంప్యూటర్లో ఎక్కిస్తున్నాను. "అక్క పోయిందే అమ్మాయ్. ఇందాకే" అన్నాడు. ఏడుస్తున్నాడు. బయట హమాలీలు బస్తాలు దించుతున్నారు, ఎవరో ఆగకుండా తుమ్ముతున్నారు. తర్వాత చిన్నాన్న ముక్కు చీదుకుని ఇంకో మాట అన్నాడు: "ఆ కంప్యూటర్ని మాత్రం ఈసారి తీసేద్దాం. చచ్చినదాన్ని పట్టుకుని ఇన్నాళ్ళు వేలాడింది పాపం."

చిన్నాన్న చెడ్డవాడు కాదు. ఆసుపత్రిలో అక్క మంచం పక్కన వారం రోజులు నేల మీద పడుకున్నవాడు. అయినా ఆ మాట నాకు మేకులా దిగింది. మనిషి ఇంకా ఇంటికి చేరలేదు, అప్పుడే ఇల్లు ఖాళీ చేసే ఆలోచనా? పైగా ఆ కంప్యూటర్ చచ్చిందని ఎవరు చెప్పారు? మా అత్త చెప్పలేదు. ఆవిడ ఒప్పుకోకుండా ఆ ఇంట్లో ఏ వస్తువూ చావడానికి వీల్లేదు. ఈ నాలుగు ముక్కలూ నేను ఆ కోపంతోనే రాస్తున్నాను. చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. మా అత్త గురించి మెత్తగా రాస్తే ఆవిడే వచ్చి దిద్దుతుంది.

ఆవిడ ఎవరో చెప్పాలి కదా. చీరాలలో ఒక నేత వీధిలో ఉండేది. మావయ్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. చీర అంచులకు డిజైన్లు గీయడం ఆవిడ పని. మగ్గం పైన జాకార్డ్ అనే పెట్టె ఉంటుంది. చిల్లులు కొట్టిన అట్టలను దండలా కుట్టి దాని మీద వేస్తారు. ఏ పోగు పైకి లేవాలో, ఏది కిందే ఉండాలో ఆ చిల్లులే చెబుతాయి. అట్టలు లేకపోతే అంచు మీద పువ్వు పూయదు. మొదట్లో మా అత్త గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో గీసి, ఒక్కో చిల్లూ చేత్తో కొట్టేది. నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకుంది. అట్టలు కొట్టే మిషను ఒకటి, దానికి తగిలించే కంప్యూటర్ ఒకటి తెచ్చుకుంది. అప్పటినుంచీ ఆ వీధిలో ఏ మగ్గం మీద కొత్త అంచు కనపడినా అది ఆ ఇంట్లోంచి వచ్చిందే.

వాటిలో మిరపపూల అంచు ఒకటుంది. తల వంచుకున్న చిన్న తెల్లపూలు, మధ్య మధ్య ఒక్కో కాయ. మా వైపు మిరప చేలు చూడనివాళ్ళు లేరు గానీ, పూత మీదున్నప్పుడు ఆగి చూసినవాళ్ళు తక్కువ. ఆవిడ చూసింది. ఎదురింటి పెద్దాయన ఇరవై ఏళ్ళుగా నేస్తున్నది ఆ అంచే. ఆయనకు ఎనభై దగ్గర పడుతున్నాయి. ఇంకో అంచు నేర్చుకోమంటే "ఈ వయసులో చేతులు ఇంకో మాట వినవమ్మా" అంటాడు. మొన్నటి తుపాను వానకు ఆయన ఇంటి కప్పు కారి, ఆ అట్టలన్నీ తడిసి ఉబ్బిపోయాయి. మగ్గం మీద చీర సగంలో ఆగింది. మళ్ళీ అట్టలు కొట్టాల్సిన మనిషి అప్పటికే ఒంగోలు ఆసుపత్రిలో ఉంది. కొట్టాల్సిన డిజైను, చిన్నాన్న చచ్చిందంటున్న ఆ కంప్యూటర్లో ఉంది. నా కోపం దేని గురించో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కొత్త కంప్యూటర్ కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగబోతున్నారు. అందరూ అడిగారు. నేనే పదిసార్లు అడిగాను. అట్టలు కొట్టే మిషను మాట్లాడేది ఆ ఒక్క కంప్యూటర్‌తోనే. దాని కార్డు పాతకాలపు మదర్‌బోర్డుల మీద ఉండే తెల్లటి పొడవాటి స్లాట్‌లో తప్ప కూర్చోదు. కొత్తవాటిలో ఆ స్లాటే లేదు. కంప్యూటర్ మారిస్తే మిషను మార్చాలి. మిషను మారిస్తే అది పాత డిజైన్లు చదవదు. డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పోపుల పెట్టెలో దాచింది గానీ, వాటిని తెరిచేది మళ్ళీ ఈ ముసలి కంప్యూటరే.

దానికి మొదటి జబ్బు చేసినప్పుడు నాకు ఫోన్ చేసింది. కంప్యూటర్ ముందు కూర్చుని జీతం తీసుకునే ప్రతివాళ్ళూ మా వాళ్ళ దృష్టిలో కంప్యూటర్ డాక్టర్లే. నాకు తెలిసింది బస్తాల నంబర్లు ఎక్కించడం. "నల్ల తెర మీద ఏదో ఇంగ్లీషులో చెబుతోందే, డిస్క్ కనపడట్లేదట" అంది. నేను పనిలో ఉండి, "పాతదైపోయింది, చెడిపోయింది అత్తా, పారెయ్" అన్నాను.

"చెడిపోయింది అనొద్దు. ఎక్కడ చెడిందో చెప్పు" అంది.

"నాకెలా తెలుస్తుంది, ఇక్కడ కూర్చుని?"

"తెలియనప్పుడు తెలియదను. పోగు తెగితే ఎక్కడ తెగిందో చూసి ముడేస్తాం గానీ, మగ్గం పీకి పొయ్యిలో పెడతామటే?" అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి మళ్ళీ చేసింది. డబ్బా విప్పిందట. డిస్క్ నుంచి వైరు పట్టుకుని వెళితే బోర్డు మీద ఒక చిన్న పోర్టులోకి పోయిందట. అలాంటివే పక్కన ఇంకో మూడు ఖాళీగా ఉన్నాయట. వైరు తీసి రెండోదాంట్లో పెడితే డిస్క్ కనపడిందట. "చెడింది కంప్యూటరూ కాదు, డిస్కూ కాదు. నాలుగు పోర్టుల్లో ఒకటి. అంతే. దానికి నువ్వు మొత్తాన్ని చంపబోయావు" అంది. ఆ గొంతులో గెలిచిన సంతోషం నాకు ఇప్పటికీ వినపడుతుంది.

తర్వాత నేను వెళ్ళినప్పుడు చూస్తే, చచ్చిన పోర్టులో చిన్న నల్లదారం ఉండ కుక్కి ఉంది. దిష్టి తగలకుండానేమో అనుకుని నవ్వాను. "దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఎవరైనా మర్చిపోయి వైరు ఇందులో పెట్టకుండా గుర్తు" అంది. ఆవిడ గుర్తులన్నీ దారాలే. టీ గ్లాసు మీద దూది నుసి పడకుండా బోర్లించే మూతకు ఎర్రదారం, ఇంటి తాళంచెవికి పసుపుదారం, కళ్ళజోడుకు ఏ దారం దొరికితే ఆ దారం.

మూడేళ్ళు తిరిగేసరికి రెండోది పోయింది. ఆ తర్వాత మూడోది. ప్రతిసారీ ఒక నల్లదారం ఉండ. నాలుగోది కూడా పోయిన రోజున ఫోన్ చేయలేదు. సరాసరి గుంటూరు బస్సెక్కింది. కంప్యూటర్ డబ్బాను పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. కండక్టరు "ఏంటమ్మా అది, టీవీనా?" అని అడిగితే "మగ్గం" అని చెప్పిందట.

ఆ రోజు నేను సెలవు పెట్టి ఆవిడతో తిరిగాను. మొదటి షాపులో కుర్రాడు డబ్బా తెరవకుండానే, "ఇది అయిపోయిందండీ. కొత్తది తీసుకోండి" అన్నాడు.

"ఏం అయిపోయింది?"

"మొత్తం అండీ."

"మొత్తం అంటే ఎక్కడ?"

అతను నా వైపు చూశాడు, ఈవిడను తీసుకుపోండి అన్నట్టు. నేను కదల్లేదు. నిజం చెప్పాలంటే నాకు అప్పటికీ అతని మాటే సబబుగా అనిపించింది, కానీ ఆవిడ పక్కన నిలబడి ఆ మాట అనే ధైర్యం లేదు. రెండో షాపాయన తెరిచి చూసి, "అమ్మా, దీన్ని మ్యూజియంలో పెట్టుకోండి" అని నవ్వాడు. "మ్యూజియంలో పెట్టాల్సింది పని చేతకానివాళ్ళని నాయనా. దీనికి పని వచ్చు" అంది మా అత్త. డబ్బాకు మళ్ళీ చీర చుట్టుకుని మెట్లు దిగింది.

మూడోది షాపు కూడా కాదు. మేడమీద ఒక గది. నుదుటి మీద భూతద్దం కట్టుకున్న పెద్దమనిషి ఒకడు ఒక్కడే కూర్చుని బోర్డులు బాగుచేస్తున్నాడు. అతను డబ్బా తెరిచాడు. టార్చి వేశాడు. నల్లదారం ఉండలు నాలుగూ చూసి, "ఇదెవరి పని?" అన్నాడు.

"నాదే."

"మంచి పనే" అన్నాడు. తర్వాత బ్రష్షుతో ఫ్యాను దగ్గర గీకితే దుప్పటి ముక్కంత దూది నుసి ఊడొచ్చింది. దాని కింద ఉన్న చిప్పు చుట్టూ మాడిన గోధుమరంగు. పోర్టుల లోపల పిన్నుల మీద ఆకుపచ్చటి చిలుము. అతను భూతద్దం పైకెత్తి అడిగాడు: "దీన్ని ఎక్కడ పెడతారమ్మా ఇంట్లో?"

"మగ్గం గదిలో."

"ఆ గదిలో నేల తడిపి ఉంచుతారా?"

"తడపకపోతే ఎట్టా బాబూ? ఎండలకి పోగు పెళుసెక్కి పుటుక్కుమంటది. పొద్దున్నే నీళ్ళు చల్లుతాం, తడి గోతాలు పరుస్తాం. గది చెమ్మగా ఉంటేనే కదా..." అంటూ ఆగిపోయింది.

వంగి ఆ పచ్చటి చిలుము వంక చూసింది. దారానికి ప్రాణం పోసే తడే ఈ పిన్నులను తినేసింది. మగ్గం నుంచి లేచే నుసే చిప్పును దుప్పటి కప్పి మరిగించింది. కంప్యూటర్ మగ్గం పక్కనుంటే తెర మీద పువ్వును, అంచు మీద పువ్వును పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చని ఆవిడ సరదా. నేతింట్లో తప్ప ఇంకెక్కడా జరగని తప్పు అది. నాకు ఆ క్షణంలో భయం వేసింది, ఇక ఆవిడ ఓడిపోయిందనుకుంటుందేమోనని.

"చూశావటే?" అంది నా వైపు తిరిగి. "ఎక్కడ చెడిందో ఇన్నేళ్ళకి తెలిసింది. బోర్డులో కాదు. నా దగ్గర." అని పెద్దగా నవ్వేసింది. ఆ బాగుచేసేవాడు కూడా నవ్వాడు. తన తప్పు దొరికినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ బోర్డు ఇక నమ్మడానికి లేదని అతను ఓపిగ్గా చెప్పాడు. ఆ నాలుగు పోర్టులనూ నడిపే చిప్పు ఒక్కటే, అది ఉడికిపోయింది. కార్డు పట్టే తెల్ల స్లాట్, అదే జాతి చిప్పు, బతికున్న పోర్టులు ఉన్న పాత బోర్డు ఎక్కడైనా దొరికితే మార్చుకోవచ్చు. కొత్తవి తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. ఆఫీసులు పారేసిన వాటిలో వెతుక్కోవాలి. ఒక కాగితం మీద ఆ స్లాట్ బొమ్మ గీసి, చిప్పు నంబరు రాసి ఇచ్చాడు. మా అత్త ఆ కాగితాన్ని కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని, "నీ ఆఫీసులో పారేసినవి ఎక్కడ పెడతారే?" అంది నన్ను.

మా కోల్డ్ స్టోరేజీలో కాటా గది వెనక ఒక కొట్టు ఉంది. చినిగిన గోతాలు, విరిగిన కుర్చీలు, పాత కంప్యూటర్ డబ్బాలు. అన్నిటి మీదా వేలెడు మందాన మిరప దుమ్ము. వద్దన్నా వినలేదు. మూతికి కొంగు కట్టుకుని లోపలికి దూరింది. తుమ్ములే తుమ్ములు. ఒక్కో డబ్బా విప్పడం, కాగితం పక్కన పెట్టి చూడడం, తుమ్మడం. మా మేనేజరు వచ్చి "ఎవరండీ ఈవిడ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆవిడే బయటికొచ్చింది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "అయ్యా, మీరు చచ్చిందని పారేశారు. దీంట్లో నాకు కావాల్సింది బతికే ఉందనిపిస్తోంది. తీసుకుపోనా?" అంది. ఆయన బిత్తరపోయి తలూపాడు. ఆ డబ్బా మీద ఒకప్పుడు మా హమాలీలు కూర్చుని అన్నాలు తినేవాళ్ళు.

మేడమీద పెద్దమనిషి దాన్ని కడిగి, ఆరబెట్టి, పరీక్షించి "నాలుగు పోర్టులూ బతికే ఉన్నాయమ్మా" అన్నాడు. తనే బిగిస్తానన్నాడు. మా అత్త ఒప్పుకోలేదు. "నువ్వు చెప్పు, నేను చేస్తా. రేపు మళ్ళీ చెడితే నేనేగా చూడాల్సింది" అంది.

తర్వాతి ఆదివారం ఆ పని చీరాలలో జరిగింది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాన్ని పూర్తిగా తీసెయ్యరు. కొసలు ఉంచి, కొత్త పడుగులోని ఒక్కో పోగును పాతదాని ఒక్కో పోగుకు మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. ఒక్కటి తప్పినా అంచు తప్పుతుంది. ఆవిడ బోర్డును కూడా అలాగే మార్చింది. పాతదాంట్లోంచి ఏ వైరూ ఊరికే పీకలేదు. ముందు ప్రతి వైరుకూ ఒక రంగు దారం కట్టింది, అదే రంగు దారం కొత్త బోర్డు మీద దాని చోటికి కట్టింది. అప్పుడు ఒకటి తీయడం, ఒకటి పెట్టడం. పోగులు అతికేటప్పుడు వేళ్ళు జారకుండా బూడిద అద్దుకోవడం వాళ్ళకు అలవాటు. మధ్యలో ధ్యాస తప్పి ఆవిడ చెయ్యి బూడిద గిన్నెలోకి పోయింది. "అత్తా, బూడిద వద్దు!" అని అరిచాను. "అబ్బ, చేతులకి బుద్ధి లేదే" అని లేచి వెళ్ళి సబ్బుతో కడుక్కొచ్చింది.

బోర్డు బిగిశాక డిస్క్ వైరు మొదటి పోర్టులో పెట్టింది. మిగిలిన మూడింట్లో ఆకుపచ్చ దారం ఉండలు కుక్కింది, నుసి పోకుండా. "పచ్చవి బతికున్నవి. నల్లవి పోయినవి. గుర్తుంచుకో" అంది. స్విచ్ వేస్తే తెర వెలిగింది. ఆవిడ చప్పట్లు కొట్టలేదు, దేవుడికి దణ్ణం పెట్టలేదు. కంప్యూటర్ని ఎత్తి మగ్గం గదిలోంచి మధ్యగదిలోకి, బియ్యం డ్రమ్ము పక్కకు మార్చింది. "దారానికి తడి కావాలి, దీనికి పొడి కావాలి. ఇద్దర్నీ ఒక గదిలో పెంచాలనుకోవడం నా పేరాశ" అంది. ఆ రోజే నన్ను కూర్చోబెట్టి డిజైను ఎలా తెరవాలో, అట్ట మిషనులోకి ఎలా తోయాలో నేర్పింది. నాకెందుకత్తా అంటే, "చెయ్యి ఖాళీగా ఉంది కదా" అంది.

ఆవిడ మాట నాకు ఎంత పనికొచ్చిందో చెప్పకపోతే తప్పు. మిర్చి సీజనులో కొనేవాళ్ళు వచ్చి కాయ చేతిలో పట్టుకుని "సరుకు బాగాలేదు" అని పెదవి విరుస్తారు. రైతు మొహం వాడిపోతుంది. ఇదివరకు నేను తల దించుకుని నా పని చూసుకునేదాన్ని. ఇప్పుడు "ఎక్కడ బాగాలేదండీ? తేమ ఎక్కువా, రంగు తక్కువా, తాలు కాయలా?" అని అడుగుతాను. సగం మంది దగ్గర జవాబు ఉండదు. ఆఫీసులో నాకు నోరెక్కువనే పేరు వచ్చింది. ఆ పేరు మా అత్త పెట్టిన పేరుగా మోస్తున్నాను.

ఒంగోలు ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళినప్పుడు డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు, "పెద్దవారు కదండీ, వయసు" అన్నాడు నాతో. మంచం మీద నుంచి గొంతు లేచింది. "వయసు జబ్బు పేరు కాదు బాబూ. ఎక్కడ చెడిందో చెప్పు."

అతను నా వైపు నుంచి ఆవిడ వైపు తిరిగాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాగితం మీద గుండె బొమ్మ గీసి, ఏ కవాటం మూసుకోవడం లేదో, ఇప్పుడు ఆపరేషన్ ఎందుకు తట్టుకోలేదో అన్నీ వివరంగా చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ ఆ బొమ్మ చూసింది. రెండు ప్రశ్నలు అడిగింది. "సరే, ఇప్పుడు తెలిసింది" అంది. ఆ కాగితం కూడా కళ్ళజోడు పెట్టెలోకే పోయింది. అతను వెళ్ళాక నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడుస్తుంటే, "నీళ్ళు చల్లకు, పిన్నులు చిలుమెక్కుతాయి" అంది. తర్వాత అంది, "ఎదురింటి బాబాయి అట్టలు తడిసిపోయాయంట. ఇంటికెళ్ళగానే కొట్టిస్తానని మాటిచ్చాను. చీర సగంలో ఉంది." అదే ఆవిడ నాతో అన్న ఆఖరి మాట. నేను ఏడుస్తూనే ఉన్నాను. నేను కొట్టిస్తానత్తా అని చెప్పాల్సిందని ఇప్పటికీ బాధపడుతున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే పాత ఇనుము కొనేవాడి ఆటో గుమ్మం ముందు ఆగింది. చిన్నాన్న పిలిపించాడు. విరిగిన మడతమంచం, తుప్పు పట్టిన ఫ్యాను ఎక్కించారు. తర్వాత చిన్నాన్న మధ్యగదిలోకి వచ్చాడు, ఆటోవాడు గుమ్మంలో ఆగాడు. నేను కంప్యూటర్‌కు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"లే అమ్మాయ్" అన్నాడు చిన్నాన్న. "మొన్న నేను వేసి చూశాను. అదే నల్ల తెర. అక్కతో పాటే పోయింది అది కూడా."

ఇలాంటి మాటలు విన్నప్పుడు జనం కళ్ళు తుడుచుకుంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "మనిషితో పాటు మిషన్లు పోవు చిన్నాన్నా. ఎక్కడో చెడి ఉంటుంది. ఎక్కడ చెడిందో చెప్పు, అప్పుడు ఎత్తుకెళ్దువు గాని."

"మొత్తం పోయిందే!"

"మొత్తం అంటే ఎక్కడ?"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చిన్నాన్న జేబులోంచి సెల్‌ఫోన్ తీసి టార్చి వెలిగించి పట్టుకున్నాడు. నేను స్క్రూలు విప్పాను.

లోపల శుభ్రంగా ఉంది. నుసి లేదు, తడి లేదు. రంగురంగుల దారాలు ఆవిడ కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పోర్టుల వైపు వెలుగు తిప్పమన్నాను. ఆ ఆదివారం మొదటి పోర్టులో పెట్టిన వైరు ఇప్పుడు అక్కడ లేదు, రెండోదాంట్లో ఉంది. మొదటిదాంట్లో నల్లదారం ఉండ ఉంది. ఎప్పుడు పోయిందో, ఎప్పుడు మార్చుకుందో, ఎవరికీ చెప్పలేదు. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో ఆకుపచ్చ ఉండలు అలాగే ఉన్నాయి.

మూడోదాంట్లోంచి పచ్చదారం లాగాను. నా వేళ్ళు చెమట పట్టి జారుతున్నాయి. అలవాటున్నవాళ్ళైతే బూడిద అద్దుకునేవాళ్ళు. నేను చీర కొంగుకు తుడుచుకుని, రెండోదాంట్లోని వైరు తీసి మూడోదాంట్లో నొక్కాను. టక్ మంది. స్విచ్ వేశాను. నల్ల తెర. అది అలాగే ఉంది. ఆటోవాడు గుమ్మంలోంచి "రానా అండీ?" అన్నాడు. "ఆగు" అన్నాడు చిన్నాన్న, నాకంటే ముందు.

తెర మీద చిన్న తెల్లగీత కదిలింది. ఆ తర్వాత నీలంరంగు. ఆ తర్వాత నెమ్మదిగా ఆవిడ డిజైన్ల పేర్లు వరసగా వచ్చాయి. మిరపపూలు పెద్దవి, మిరపపూలు చిన్నవి, మిరపపూలు ఎదురింటి బాబాయివి.

ఆటో మంచాన్నీ ఫ్యానునూ తీసుకుని వెళ్ళిపోయింది. చిన్నాన్న ఒక్కో ఖాళీ అట్టనూ మిషనులోకి తోస్తుంటే నేను మీట నొక్కుతున్నాను. ఆ టకటక చప్పుడు వీధిలోకి పోయింది. ఎదురింటి పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి మా గడప మీద కూర్చున్నాడు. కొట్టిన అట్ట ఒక్కొక్కటీ అందుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, చిల్లుల మీద వేలితో తడిమి, చదువుకున్నట్టు చూసి పక్కన పెట్టాడు. ఇరవయ్యో అట్ట దగ్గర కాబోలు, "ఇక్కడ మొగ్గ మొదలవుతుంది" అన్నాడు తనలో తను. సాయంత్రానికి దండ కుట్టడం మొదలుపెట్టాడు. రెండు రోజులకు ఆయన మగ్గం గుంటలోకి దిగాడు. ఆగిన చోటనుంచే మొదలైంది చీర.

ఆ కంప్యూటర్ మా చిన్నాన్న ఇంటికీ పోలేదు, గుంటూరుకూ రాలేదు. బియ్యం డ్రమ్ము పక్కనే ఉంది. నేను ఆదివారాలు బస్సెక్కుతున్నాను. ఇంకా ఎన్నాళ్ళు నడుస్తుందని అందరూ అడుగుతున్నారు. మేడమీద పెద్దమనిషి కాగితం నా దగ్గర ఉంది, మా కాటా గది వెనక కొట్టులో ఇంకా నాలుగు డబ్బాలున్నాయి. నాకు తుమ్ములు కొత్త కాదు.

ఆ రోజు డబ్బా మూత బిగించే ముందు ఒక పని మిగిలిపోయింది. ఆవిడ దారాల బుట్టలోంచి నల్లదారం కొంచెం తెంపి, ఉండ చేసి, రెండో పోర్టులో కుక్కాను. నా చేత్తో పెట్టిన మొదటి నల్లదారం అది. చిన్నాన్న టార్చి ఇంకా ఆర్పలేదు. ఆ వెలుగులో రెండు నల్లవి, వైరు పెట్టింది ఒకటి, దాని పక్కన నాలుగోదాంట్లో ఆవిడ పెట్టిన ఆకుపచ్చ దారం ఉండ, ఎవరూ ముట్టనిది, మెరుస్తూ ఉంది.